బస్సు వాసన

జనవరి 9

అక్కా,

ముందు కూర్చో. బావని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఉత్తరం చివరిదాకా చదివాకే తిట్లు మొదలుపెడతానని ఒట్టు వెయ్యి.

రంగుల ఫ్యాక్టరీ మానేశాను. వాళ్ళు పొమ్మనలేదు, నేనే కాగితం రాసిచ్చి వచ్చేశాను. పంతొమ్మిదేళ్ళు డ్రమ్ముల్లో రంగులు కలిపాను, ఇక చాలు. బేకరీ పెట్టాను. పెడతానని కాదు, పెట్టేశాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. రెండేళ్ళుగా ఆదివారాలు ఒక బేకరీలో ఊరికే పిండి పిసికి పని నేర్చుకున్నాను. ఆ రోజుల్లో సినిమాకి వెళ్ళానని నీకు రాసేవాణ్ణి.

మార్కెట్ వీధి చివర రెండు గదుల కొట్టు. ముందు గదిలో గాజు బీరువా, వెనక గదిలో ఓవెన్. మూతబడిన బేకరీవాళ్ళ దగ్గర కొన్న పాత ఓవెన్, డీజిల్‌తో నడుస్తుంది. వెలిగిస్తే రైలింజన్ గోల. అయినా దాని ముందు నిలబడితే నాకు ప్రాణం లేచొస్తోంది. పక్క కొట్టు ఒక దర్జీ పెద్దాయనది. మధ్యలో ఉన్నది ఉత్త చెక్క గోడ, ఆయన మిషను చప్పుడు నాకూ నా ఓవెన్ చప్పుడు ఆయనకూ పుణ్యానికే. మొదటి రోజే రెండు ఏప్రాన్లూ ఒక టోపీ కుట్టి తెచ్చి, "తలవెంట్రుక ఒక్కటి పడిందా, కొట్టు కట్టెయ్యాల్సిందే నాయనా" అని నా తల మీద ఆయనే పెట్టాడు.

బస్సు పార్సిల్లో రస్కులు పంపుతున్నాను. నీ చెవులు ఫోనుకి పనికిరావు కాబట్టి ఉత్తరం రాయి. మొహమాటం అసలే వద్దు. నీ నోటికి భయపడి మన అమ్మ కూడా కూరలో ఉప్పు రెండుసార్లు చూసేది, ఆ నోరే నాకిప్పుడు కావాలి. ముఖ్యంగా వాసన ఎలా ఉందో రాయి. పొట్లం విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకో, ఆ తర్వాతే కలం తియ్యి.

ఇది కూడా పోయిందంటే నాకు వేరే దారి లేదక్కా. నలభై ఆరేళ్ళవాణ్ణి కొత్తగా ఎవడు పనిలో పెట్టుకుంటాడు?

నీ తమ్ముడు

&nbsp;

జనవరి 16

ఒరేయ్,

కూర్చోలేదు. నిలబడే చదివాను, అందుకే మోకాళ్ళు పీకుతున్నాయి. ఆ పాపం కూడా నీదే.

పెళ్ళి వద్దన్నావు, సరే అన్నాం. ఇల్లు వద్దన్నావు, సరే అన్నాం. ఇప్పుడు ఉద్యోగం వద్దట! రెండేళ్ళు నాకు సినిమా కథలు రాశావే, అవన్నీ ఎక్కడివిరా? "హీరో చివర్లో చనిపోయాడు, ఏడుపొచ్చింది" అని రాస్తే నేను కూడా జాలిపడ్డాను.

ఇక నీ రస్కులు. వెన్న పాతబడింది, పొట్లం విప్పగానే కంపు కొట్టింది. ఈస్ట్ ఎక్కువైంది, పులిసిన వాసన. అడుగు మాడింది. పైన మాత్రం రంగు చక్కగా వచ్చింది, రంగులవాడివి కదా మరి! ఇంత కంపు కొడుతుంటే నీకు తెలియలేదా? దేవుడు నీకు ముక్కు ఇచ్చింది వాసన చూడటానికా, అద్దంలో చూసుకోవడానికా?

మీ బావ ఆరు తిన్నారు. ఆయన మెప్పు లెక్కలోకి తీసుకోకు, రాళ్ళు పెట్టినా టీలో ముంచుకుని తింటారు.

వెన్న మార్చు. ఈస్ట్ తగ్గించు. ఆ దర్జీ ఎవరో బుద్ధిమంతుడిలా ఉన్నాడు, ఆయన మాట విను.

అక్క

&nbsp;

జనవరి 28

అక్కా,

వెన్న ఇచ్చేవాణ్ణి మార్చాను. ఈస్ట్ సగానికి తగ్గించాను. నువ్వు రాసింది అక్షరాలా నిజం. వారం తిరక్కుండా అమ్మకం పెరిగింది. బడి పంతులమ్మలు వరసగా వచ్చి కొంటున్నారు, ఒక హోటలాయన రోజూ ఇరవై పొట్లాలు తీసుకుంటానన్నాడు. నీ ఉత్తరాన్ని ఓవెన్ పక్క గోడకి అంటించాను. ముక్కు గురించి రాసిన వాక్యం మీద మాత్రం కాగితం ముక్క అతికించాను. అది చదివాక రెండు పూటలు ముద్ద దిగలేదు. పోనీలే, వదిలెయ్.

వెనక గదిలో ఎలుకల బెడద. ఓవెన్‌కీ గోడకీ మధ్య సందులో గోనె సంచులు కుక్కాను, ఇప్పుడు నయం. బర్నరుకి డీజిల్ వచ్చే పైపు పాతబడితే కొత్తది తెచ్చి నేనే బిగించాను. మెకానిక్కు వస్తాను వస్తానని నాలుగు రోజులు తిప్పించుకున్నాడు. ఫ్యాక్టరీలో ఎన్ని పైపులు బిగించలేదు నేను!

దర్జీ పెద్దాయనకి రోజూ పొద్దున్నే ఒక బన్ను ఇస్తున్నాను. ఊరికే తీసుకోడు. నా చొక్కా గుండీ ఊడితే కుట్టిపెడతాడు. ఊడకపోతే ఊడదీసి మరీ కుడతాడు.

రెండో పొట్లం పంపుతున్నాను. వాసన ఎలా ఉందో రాయడం మర్చిపోకు.

నీ తమ్ముడు

&nbsp;

ఫిబ్రవరి 6

చిన్నోడా,

రస్కులు చాలా బాగున్నాయి. వాసన ఘుమఘుమలాడింది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇక్కడ విశేషాలంటే, నా చెవి మిషను మళ్ళీ పాడైంది. బాగుచేసేవాడు ఏదో అడిగాడు, నాకు వినబడలేదు, తల ఊపాను. తీరా చూస్తే కొత్తది కొనడానికి ఒప్పుకున్నానట! మీ బావ మోకాలికి నూనె రాస్తున్నాను. వంటింటి కప్పు కారుతోంది, గిన్నె పెట్టాం.

నువ్వు వేళకి తిను. ముద్ద దిగకపోవడం లాంటివి పెట్టుకోకు. నువ్వు బాగా చేస్తున్నావు. నాకు గర్వంగా ఉంది.

ప్రేమతో,
అక్క

&nbsp;

ఫిబ్రవరి 15

అక్కా,

నిజంగా ఈ ఉత్తరం నువ్వే రాశావా? చేతిరాత నీదే. "గర్వంగా ఉంది" అన్నచోట మూడుసార్లు చదివాను. మన నాన్న పోయిన రోజు కూడా నువ్వు ఇంత మెత్తగా మాట్లాడలేదు. పాతది పీకేసి దీన్ని గోడకి అంటించాను.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. పంతులమ్మలు రావడం మానేశారు. ఏమీ అనలేదు, రావడం లేదంతే. హోటలాయన పది పొట్లాలు వెనక్కి పంపి "ఏదో తేడాగా ఉంది" అన్నాడు. ఏం తేడా అంటే చెప్పడు. దర్జీ పెద్దాయన మాత్రం రోజూ గోడ అవతల నుంచి, "డీజిల్ వాసన వస్తోంది నాయనా, ఒకసారి చూసుకో" అంటున్నాడు. డీజిల్ ఓవెన్ అన్నాక కొంచెం రాదా అన్నాను. "కొంచెం కాదు, నా గుడ్డలకి పడుతోంది" అన్నాడు.

నిన్న ఇంకో మాట తెలిసింది. ఆయన అల్లుడికి కొట్టు కావాలట, మా ఓనర్ని ఈ గదుల గురించే అడిగాడట. అప్పుడు అర్థమైంది పెద్దాయనకి వాసన ఎందుకు వస్తోందో! మనిషిని చూస్తే అలా అనిపించడు. ఏం తోచడం లేదక్కా.

మూడో పొట్లం పంపుతున్నాను. ఈసారి నువ్వే తేల్చాలి. డీజిల్ వాసన ఉందా, లేదా? ఒక్క ముక్క చాలు. నువ్వు ఉందంటే ఓవెన్ ఆపేసి విప్పిస్తాను. నువ్వు లేదంటే నాకు ఇంకెవరి మాటా అక్కర్లేదు.

నీ తమ్ముడు

&nbsp;

ఫిబ్రవరి 22

చిన్నోడా,

లేదు. ఏ వాసనా లేదు. నిక్షేపంగా ఉన్నాయి.

అయినా పొద్దస్తమానం ఓవెన్ ముందు నిలబడేవాడివి నువ్వు. ఎక్కడో ఉన్న నన్నడుగుతావేం? వాసనుంటే ముందు నీకే తెలియదూ? నీ ముక్కు మీద నీకు ఆమాత్రం నమ్మకం లేకపోతే ఎలా?

ఆ దర్జీని బుద్ధిమంతుడన్నాను, నాదే పొరపాటు. అల్లుడి కోసం ఎదుటివాడి పొట్ట కొట్టాలని చూస్తున్నాడు. ఒకడు నాలుగు మెట్లు ఎక్కితే ఓర్వలేనివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఆయన మాట పట్టించుకోకు, నీ పని నువ్వు చేసుకో. పంతులమ్మలకి పరీక్షల రోజులు కదా, అందుకే రాకపోయి ఉంటారు.

మీ బావ ఆశీస్సులు చెప్పమన్నారు.

అక్క

&nbsp;

మార్చి 2

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా దర్జీ కొట్టుకి వెళ్ళాను. ఇద్దరు బేరగాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందే చదివి వినిపించాను. "మా అక్క అబద్ధం చెప్పదు. నా కొట్టు మీద కన్నేసింది మీరు" అన్నాను. పెద్దాయన మెడలోంచి టేపు తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. ఆరు రోజులైంది. బన్ను తీసుకోవడం లేదు. గుమ్మంలో పెడితే అలాగే ఉంటోంది.

గెలిచినట్టు ఉండాలి కదా, లేదు. నీ ఉత్తరంలో ఒక మాట గుచ్చుకుంటోంది. నా ముక్కు మీద నాకు నమ్మకం లేదా అన్నావు. నీ దగ్గర దాచి ఏం బావుకుంటాను? నిజమే రాస్తున్నాను.

నా ముక్కు చచ్చిపోయి నాలుగేళ్ళయింది. రంగుల పొగ తినేసింది. డాక్టరు నా కళ్ళు మూయించి ఉల్లిపాయ, సబ్బు, కిరసనాయిలు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టాడు. నాకు అన్నీ ఉత్త గాలే. ఇక రాదన్నాడు. ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. మొన్న డిసెంబర్లో ఒక డ్రమ్ములోంచి రంగులు పలచన చేసే థిన్నరు కారుతోంది. నేను పక్కనే నిలబడి రిజిస్టర్లో సంతకాలు పెడుతున్నాను. నా వెనక పనిచేసేవాడు ఆ ఆవిరికి దభీమని పడిపోయాడు. బతికాడులే. కానీ వాడి పెళ్ళాం ఆస్పత్రిలో నన్ను చూసి దండం పెట్టింది, వాణ్ణి ఎత్తుకొచ్చింది నేనే కదా. ఆ దండం నేను మోయలేకపోయాను. మర్నాడే కాగితం రాసిచ్చాను.

ఎవరి ప్రాణమూ నా ముక్కు మీద ఆధారపడని పని చేసుకుందామనుకున్నాను. రొట్టె మాడితే రొట్టె పోతుంది, మనిషి పోడు కదా. వేడి చూపించే ముల్లు చూసి, గడియారం చూసి, రంగు చూసి కాలుస్తాను. వాసనకి నువ్వున్నావు. ఊళ్ళో చెప్పుకుంటే ముక్కు లేనివాడి రొట్టె ఎవరు కొంటారు? నీకు చెవుల్లేవు, నాకు ముక్కు లేదు, ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషి అవుతాం. కుట్టడానికి దర్జీ పక్కనే ఉన్నాడు, ఆయనతో మాటల్లేవు.

నవ్వు వస్తే నవ్వు. తిట్టాలనిపిస్తే ఇంకా మంచిది.

నీ తమ్ముడు

&nbsp;

మార్చి 5

ఒరేయ్ నాయనా,

ఓవెన్ వెలిగించకు. ఇది చదివిన క్షణం నుంచి అగ్గిపుల్ల గియ్యకు. బయటికి వచ్చి వీధిలో నిలబడి మిగతాది చదువు.

డీజిల్ వాసన ఉంది. రెండో పొట్లంలో కొంచెం ఉంది. మూడో పొట్లం విప్పితే గదంతా కొట్టింది. మీ బావ ఒక్కటి కూడా తినలేదు, రాళ్ళు తినే మనిషి! బస్సు వాసన అనుకున్నాం. డిక్కీలో ఏ డీజిల్ డబ్బా పక్కనో పడేసి ఉంటారు, పాపం వాడి తప్పేముంది అనుకున్నాం. వరండాలో ఆరబెట్టి, పోకపోతే పారేశాం.

నీకు రెండు పూటలు ముద్ద దిగలేదని రాశావు కదా, అది చదివి మీ బావ, "నీ నోరు వాడి ప్రాణం తీసేలా ఉంది. ఒక్కసారి మెచ్చుకుంటే నీ సొమ్మేం పోతుంది?" అన్నారు. సరే, ఈసారికి మంచిగా రాద్దాం అనుకున్నాను. నువ్వు సంతోషించావు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం నా చేత కాలేదు. జన్మలో మొదటిసారి మంచిదాన్నయ్యానురా, అది కూడా ఇలా తగలబడింది.

నీకు ముక్కు లేదని నాకేం తెలుసు? ఎందుకు చెప్పలేదురా? కనీసం నన్ను తిట్టడానికైనా చెప్పాల్సింది.

నీ కొట్టులో ఫోను లేదాయె, దర్జీగారి కొట్టు నంబరు డైరెక్టరీలో వెతికి మీ బావ పొద్దున్నుంచీ తిప్పుతున్నారు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఉత్తరం పోస్టులో వేస్తే మూడు రోజులు. అందుకే మీ బావ మోకాలు కూడా చూసుకోకుండా పదింటి బస్సుకి బయల్దేరుతున్నారు. ఇది ఆయన చేతికే ఇస్తున్నాను.

ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకో. నేను చెప్పానని చెప్పు.

అక్క

&nbsp;

మార్చి 11

అక్కా,

చేతిరాత బావది. మాట నాది. నా రెండు చేతులూ మోచేతుల దాకా కట్టి ఉన్నాయి.

నీ ఉత్తరం బావ నాకు ఈ మంచం మీదే చదివి వినిపించారు. ఆయన బస్సు దిగేసరికి రెండు కొట్లూ లేవు. ఆ రోజు పొద్దున్న ఆరింటికే అయిపోయింది. మీరు ఫోను తిప్పుతున్నప్పుడు మోగింది ఎక్కడో నాకు తెలియదు. ఇక్కడైతే మోగడానికి ఏమీ మిగల్లేదు.

నేను బిగించిన పైపు కారుతూనే ఉందట. ఓవెన్ వెనక గోడ మీదుగా దిగి, నేను కుక్కిన గోనెలు నెల రోజులుగా తాగాయి. కింద మడుగు కట్టి ఉంటే కంటికి కనపడేది. గోనెలు దాన్ని కూడా దాచాయి. బర్నరు వెలిగించాను. వెనక నుంచి పసుపు వెలుగు వచ్చింది. నేను తలుపు వైపు పోవాల్సింది, పైపు కట్టేద్దామని సందులో చేతులు పెట్టాను.

తొమ్మిది రోజులుగా నాతో మాట్లాడని మనిషి గోడ చెక్కలు కాలితో తన్ని వచ్చాడక్కా. "చెప్పానా లేదా, చెప్పానా లేదా" అని తిడుతూనే నన్ను చొక్కా పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. నేను దొర్లుతున్నాను. ఆయన తన కొట్టు వైపు చూశాడు. అప్పటికే చెక్క గోడ అంటుకుంది. లోపల జనం కుట్టడానికిచ్చిన బట్టలున్నాయి. "వాళ్ళ గుడ్డలు నా పూచీ" అన్నాడు. ఒకసారి వెళ్ళి ఒక మూట తెచ్చాడు. రెండోసారి వెళ్ళాడు.

(ఇక్కడ వాడి కళ్ళు నేను తుడిచాను. — మీ ఆయన)

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత ఇప్పుడు నా ముందు ఎవరూ అనడం లేదు. నేనే అంటున్నాను.

అసలు సంగతి విను. నిప్పు దర్జీ కొట్టులోనే పుట్టిందని అంటున్నారు. ఇస్త్రీ పెట్టె మర్చిపోయి ఉంటాడు, ముసలాడు, గుడ్డల కొట్టు, ఇంకేం కావాలి? ఓనరు పెద్దాయన ఇంటికి వెళ్ళి ఆయన భార్యతో, "నీ మొగుడి మూలాన నా రెండు కొట్లూ పోయాయి" అని వాకిట్లో నిలబడి అరిచాడట. చచ్చిపోయినవాడి మీద, ఆయన ఇస్త్రీ పెట్టె మీద పడింది పాపం. నేను పోలీసులకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మందుల మత్తులో మాట్లాడుతున్నానన్నారు. డీజిల్ వాసన ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నాకేం తెలుసు? ముక్కు లేనివాడి సాక్ష్యం ఏం నిలుస్తుంది?

ఆ వాసన తెలిసినవాళ్ళలో పెద్దాయన లేడు. మిగిలింది నువ్వూ బావా. బావ పోలీసుల దగ్గర సంతకం పెడతామన్నారు. దాని తర్వాత నన్ను ఏం చేసినా సరే, నాకు భయం లేదు. కానీ పెద్దాయన భార్యకి మాత్రం నువ్వు రాయాలక్కా. ఇద్దరు బేరగాళ్ళ ముందు ఆయన మాటని నేను కొట్టిపారేసింది నీ ఉత్తరంతోనే. ఆ అవమానం ఆయన ఇంటికి వెళ్ళి ఆమెకి చెప్పుకునే ఉంటాడు.

నన్ను ఓదార్చకు. నేను వెన్న పాతది వాడినప్పుడు నాకు ఎలా రాశావో, ఆమెకి అలా రాయి.

తమ్ముడు

&nbsp;

మార్చి 17

తమ్ముడూ,

నాలుగు రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను. నాకు తిట్టడమే తప్ప మెత్తగా రాయడం రాదనుకునేదాన్ని. ఇప్పుడు ఎలా మొదలుపెట్టినా మెత్తగానే వస్తోంది. "మీ బాధ నేను అర్థం చేసుకోగలను" అని రాసి చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది. "ఏదో పొరపాటు జరిగింది" అని రాశాను, అదీ చింపాను. పొరపాటు జరగడమేమిటి, నేను చేస్తే!

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. నాలుగేళ్ళు దాచావు. నిన్ను తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, కట్లు విప్పాక వచ్చి నిలబెట్టి తిడతాను. అప్పటిదాకా అన్నం మానకు. మానితే ఈసారి నేను జాలిపడను.

ఇక ఆమెకి రాసింది ఈ పొద్దున పోస్టు చేశాను. బావ చేత పంపలేదు, నా చేతులతో నేనే డబ్బాలో వేశాను. పోలీసులకి కూడా ఒక నకలు పంపాను. నీకు తెలియాలని అదే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, నేను మీకు తెలియదు. బేకరీ అతని అక్కని. నిప్పు మీ ఆయన కొట్టులో పుట్టలేదు, నా తమ్ముడి ఓవెన్ వెనక పుట్టింది. డీజిల్ వాసన వస్తోందని మీ ఆయన రోజూ చెప్పారు. ఆయన చెప్పింది నిజం. ఆ వాసన ఇంత దూరంలో ఉన్న నాకు కూడా వచ్చింది. రాలేదని రాసింది నేనే."